నా పేరున ఉన్న పొలం, తమ్ముడు పెట్టిన గేటు

గుంటూరు కొరిటెపాడు నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరూ పుట్టిన ఊరూ తెలియనివ్వవద్దని కోరారు కాబట్టి ఆనవాళ్ళు తీసేసి సారాంశం ఇస్తున్నాను.

ఆమెకు యాభై దాటాయి. ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నారు. పుట్టిల్లు సూర్యలంకకు మరీ దూరం కాని ఒక సముద్రపు ఒడ్డు పల్లె. ఒకప్పుడు గుంటూరు జిల్లాలోనిదే, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది. పెళ్ళిలో తండ్రి పసుపు కుంకుమల కింద ఎకరం పైచిలుకు సరుగుడు తోట రాసిచ్చారు. దానపత్రం రిజిస్టరయింది, పాస్‌బుక్కు ఆమె పేరునే ఉంది. ఆనుకుని ఉన్న పొలం తమ్ముడిది. అందులో అతను ఇద్దరు భాగస్వాములతో కలిసి రిసార్టు నడుపుతున్నాడు. పుంజుకుంటోంది కూడా.

ఇద్దరి పొలాల మధ్య నుంచి ఒక డొంక సముద్రానికి పోతుంది. డొంకకు ఈ చివర మత్స్యకారుల పాలెం, ఆ చివర వాళ్ళ పడవలు. పోయిన దీపావళికి తమ్ముడు డొంక మొదట్లో ఇనుప గేటు పెట్టించాడు. పగలు తెరిచి ఉంచుతారు, చీకటి పడితే తాళం. తెల్లవారుజామున మూడింటికి వేటకు వెళ్ళేవాళ్ళు వాచ్‌మన్‌ను లేపుకోవాలి. ఐసు తెచ్చే ట్రాలీ ఆటోను లోపలికి రానివ్వడం లేదు. ఇప్పుడు ఆమె తోటను కూడా రిసార్టు సంస్థకు 29 ఏళ్ళ లీజుకు ఇమ్మంటున్నాడు. తయారుచేసి పంపిన కాగితంలో డొంకను కూడా లీజు స్థలంలోనే కలిపారు. చుట్టూ గోడ కట్టేస్తారట. పాలెం వాళ్ళకు కిలోమీటరున్నర చుట్టు తిరిగి వెళ్ళే దారి ఒకటి ఉందట. "పంచాయతీ తీర్మానం చేసింది, సర్పంచ్ అభ్యంతరం లేదని కాగితం ఇచ్చాడు, నీకేమిటి భయం?" అన్నది తమ్ముడి వాదన. ఏప్రిల్ మొదటి వారం లోపల సంతకం కావాలి.

సంక్రాంతికి ఊరు వెళ్ళినప్పుడు, తన చిన్నప్పుడు ఇంటికి చేపలు తెచ్చిన ముసలావిడ గేటు దగ్గర ఎదురైందట. తల మీది గంప దించి, "అమ్మాయిగారూ, ఈ గేటు మీ పొలంలోదేనంటున్నారు. మీరు పెట్టమన్నారా?" అని అడిగిందట. "నాకు నోట మాట రాలేదు" అని రాశారు ఈమె.

మే నెలలో కూతురి పెళ్ళి. ఒక్కడే మేనమామ. పెళ్ళికూతురిని బుట్టలో మండపానికి తీసుకురావలసినవాడు. ఫోనులో అతనన్న మాట: "నువ్వు సంతకం పెట్టకపోతే భాగస్వాముల ముందు నేను తల ఎత్తుకోలేను. ఏ ముఖం పెట్టుకుని పెళ్ళికి రాను?" తల్లి తమ్ముడి దగ్గరే ఉంటుంది. ఆడపిల్లకు ఇచ్చింది తిరిగి అడగడం లేదు కదా, అద్దె ఇస్తానంటున్నాడు కదా అంటోంది. భర్త "అది మీ పుట్టింటి గొడవ" అని పక్కకు తప్పుకున్నారు. సంతకం పెడితే తప్పా, పంచాయతీ ఒప్పుకున్నాక ఇంకెవరైనా అడ్డు చెప్పగలరా, తమ్ముడు దూరం కాకుండా ఆ దారి మిగిలే మార్గం ఏమైనా ఉందా అన్నవి ఆమె ప్రశ్నలు.

సమాధానం

అమ్మా, మీ తమ్ముడి మాటల్లో అన్నిటికంటే బరువుగా వినిపించేది, నిజానికి అన్నిటికంటే తేలికైనది ఆ పంచాయతీ తీర్మానం. ముందు దాని సంగతి చూద్దాం. మీ మీద పడుతున్న ఒత్తిడి అంతా దాని మీదే నిలబడి ఉంది.

ఊరి దారులు, వీధి దీపాలు, చిన్నచిన్న ఇళ్ళ ప్లాన్లు పంచాయతీ చూసుకుంటుంది. దారులు దాని అధీనంలో ఉంటాయి, నిజమే. అధీనంలో ఉండటమంటే వాటిని బాగు చేయించాలని, ఆక్రమణలు తీయించాలని. ఒకరి వ్యాపారానికి అప్పగించవచ్చని కాదు. ఇక సముద్రపు ఒడ్డు దగ్గరికి వచ్చేసరికి పంచాయతీ మాట చెల్లే మేర ఇంకా కుదించుకుపోతుంది. పోటు మీద నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఆ గీతను హైటైడ్ లైన్ అంటారు. దాని నుంచి నేల వైపు 500 మీటర్ల దాకా ఉన్న మేర తీరప్రాంత నియంత్రణ మండలం, పత్రికల్లో చూసే సీఆర్‌జెడ్. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద కేంద్రం మొదట 1991లో, తర్వాత 2011లో, చివరిగా 2019 జనవరిలో ఈ నిబంధనలు ఇచ్చింది. జనసాంద్రత తక్కువగా ఉన్న పల్లె తీరాల్లో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలకు సాధారణంగా వీలు లేదు. ఆ తర్వాత కట్టే రిసార్టుకైనా రాష్ట్ర తీరప్రాంత నిర్వహణ సంస్థ పరిశీలన కావాలి. సర్పంచ్ కాగితం ఆ పరిశీలనకు బదులు కాదు.

అదే నిబంధనల్లో బీచ్ రిసార్టుల గురించి విడిగా ఒక అనుబంధం ఉంది. మీకు కావలసిన మాటలు రెండూ అందులో ఉన్నాయి. ప్రైవేటు స్థలం చుట్టూ మొక్కల కంచె, ముళ్ళతీగ కంచె వేసుకోవచ్చు కానీ, అది జనం బీచ్‌కు వెళ్ళడానికి ఏ విధంగానూ అడ్డు కాకూడదు. రెండు రిసార్టుల మధ్య జనం వెళ్ళడానికి కనీసం 20 మీటర్ల వెడల్పు ఖాళీ వదలాలి. మీ తమ్ముడికి కాగితాలు తయారుచేసి పెట్టిన కన్సల్టెంట్ ఎవరో గానీ, ఈ సంగతి తెలియకుండా ఉండడు. తెలిసీ చెప్పలేదంటే, రేపు ఇబ్బంది వచ్చినప్పుడు అతను ఫోను ఎత్తడని కూడా అనుకోవచ్చు.

పంచాయతీ అనుమతిని నమ్ముకున్నవాళ్ళకు ఏమయిందో కేరళలో చూశాం. కొచ్చి దగ్గర మరడులో బ్యాక్‌వాటర్స్ ఒడ్డున నాలుగు అపార్టుమెంట్లకు 2006లో అనుమతులు ఇచ్చింది అప్పటి గ్రామ పంచాయతీయే. తీరప్రాంత సంస్థను అడగలేదు. 2019 మేలో సుప్రీంకోర్టు కూల్చమంది. 2020 జనవరి 11, 12 తేదీల్లో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. టీవీలో అందరం చూశాం. అక్కడి గొడవ దారి గురించి కాదు, కట్టడాల గురించి. ఈ తేడా మీ తమ్ముడు తప్పకుండా ఎత్తి చూపుతాడు. చూపనివ్వండి. ఫ్లాట్లు కొన్నవాళ్ళ దగ్గర పంచాయతీ ముద్ర ఉన్న కాగితాలు భద్రంగానే ఉన్నాయి, అవి ఇళ్ళను కాపాడలేదు. నేను చెప్పదలచుకున్నది అంతవరకే.

ఇంకొకటి. 1996 డిసెంబరులో ఎం.సీ. మెహతా, కమల్‌నాథ్ కేసులో, హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున వెలసిన ఒక మోటెల్ వ్యవహారం తేలుస్తూ సుప్రీంకోర్టు ఒక సూత్రం చెప్పింది. సముద్రతీరం, పారే నీళ్ళు, గాలి, అడవులు ప్రజలందరివి. వాటికి ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే. రాష్ట్ర ప్రభుత్వమే ధర్మకర్త అయిన చోట మీ ఊరి సర్పంచ్ యజమాని ఎలా అవుతాడు?

సరే, ఇది సముద్రపు ఒడ్డు సంగతి. డొంక ఎవరిది? దీనికి నేను ఇక్కడ కూర్చుని జవాబు చెప్పలేను. కానీ జవాబు మీ బీరువాలోనే ఉండవచ్చు. మీ నాన్నగారు రాసిన దానపత్రం తీసి, చివర షెడ్యూలులో చెక్కుబందీ చదవండి. నాలుగు వైపులా హద్దులు రాసి ఉంటాయి. అందులో ఏదో ఒక వైపు "సముద్రమునకు పోవు డొంక" అనో, "బాట" అనో ఉంటే సగం చిక్కు విడిపోయినట్టే. హద్దుగా రాసింది మీ పొలం బయట ఉన్నట్టు. మీది కాని స్థలాన్ని మీరు లీజుకు ఇవ్వలేరు. ఇస్తున్నట్టు కాగితం మీద సంతకం పెడితే, లేని హక్కు ఉన్నట్టు చెప్పినవారు మీరే అవుతారు. మీ తమ్ముడి కాగితంలో ఇటువైపు హద్దుగా కూడా అదే డొంక ఉండి తీరాలి. తండ్రి చేతి మీదుగా పంచిన ఆస్తిలో అక్క కాగితం ఒకటి, తమ్ముడి కాగితం ఇంకొకటి చెప్పవు కదా.

ఆ తర్వాత ఊరి సచివాలయానికి వెళ్ళి సర్వేయర్‌ను కలవండి. గ్రామ పటం, మీ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ, అంటే పొలం కొలతల పటం, నకలు అడగండి. డొంక పోరంబోకుగా విడి నంబరు ఉందేమో చూడండి. మీ ఊళ్ళో రీసర్వే అయిపోయి పాత సర్వే నంబర్ల బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చి ఉంటే కొత్త పటం ఒక్కదానితో ఆగవద్దు, పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. రీసర్వేలో దారులు సన్నబడిపోయాయన్న ఫిర్యాదులు మీ ఒక్క ఊరివే కావు. అడిగితే ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి. ఆ దరఖాస్తులోనే పంచాయతీ తీర్మానం నకలు కూడా అడగండి. తీర్మానం నిజంగా జరిగిందా, లేక సర్పంచ్ లెటర్‌హెడ్ మీద రెండు వాక్యాలేనా అన్నది తేలుతుంది. మీరు ఇంతవరకు ఆ కాగితం చూడలేదని మీ ఉత్తరాన్ని బట్టే అర్థమవుతోంది.

ఒకవేళ రికార్డుల్లో డొంక ఎక్కడా లేదనుకుందాం. మీ పట్టాలోంచే వాళ్ళు నడుస్తున్నారనుకుందాం. అప్పుడు నేల మీదే. నడిచే హక్కు మాత్రం వాళ్ళది కావచ్చు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం అడ్డూ ఆటంకం లేకుండా, హక్కుగా 20 ఏళ్ళు నడిచిన దారి మీద హక్కు ఏర్పడుతుంది. ఊరి ఆచారంగా వస్తున్న దారికి విడిగా గుర్తింపు ఉంది. మీ తాతగారి కాలం నుంచి ఆ దారి ఉందని మీరే రాశారు. రేపు కోర్టులో ఎవరైనా ఈ మాట చెప్పాలంటే మీకంటే మంచి సాక్షి దొరకదు. మీ తమ్ముడు మీ సంతకం కోసం ఇంతగా పట్టుబట్టడానికి తోట ఒక్కటే కారణం కాదేమో అని నాకు అనుమానం. అక్క సంతకం ఉంటే, డొంకకు ఆ పక్కా ఈ పక్కా ఉన్న ఇద్దరూ "ఇక్కడ జనం దారి లేదు" అని ఒప్పుకున్నట్టు అవుతుంది.

కిలోమీటరున్నర చుట్టు తిరగడం గురించి మీ తమ్ముడు ఒక నడకలా మాట్లాడుతున్నాడు. రిసార్టుకు వచ్చినవాళ్ళు పొద్దున్నే చేసే నడకలాంటిది అనుకుంటున్నాడు. పాలెం వాళ్ళు ఆ డొంకలో ఉత్త చేతులతో నడవరు. దొంగల భయానికి బోటు ఇంజన్ రాత్రిపూట ఇంటికి మోసుకొచ్చుకుంటారు, తెల్లవారుజామున మళ్ళీ భుజాన వేసుకుని వెళతారు. వలలు, డీజిల్ క్యాన్లు మోస్తారు. ఐసు ఆలస్యమైన కొద్దీ చేప ధర పడిపోతుంది. ఒడ్డుకు వచ్చిన సరుకును ఆడవాళ్ళు గంపల్లో తలకెత్తుకుని, నీళ్ళు మెడ మీదికి కారుతుంటే, పొద్దుటి బస్సు అందుకోవాలి. అలివి వల లాగే చోటయితే తాడుకు ఈ కొసన కొందరు, ఆ కొసన కొందరు, ఇసుకలో చాలా దూరం ఖాళీ కావాలి. ఆ బీచ్ వాళ్ళకు పని చేసే చోటు.

మరో మాట. మీరు మీ ఉత్తరంలో రాయలేదు కానీ ఆ తీరంలో పుట్టినవారు కాబట్టి మీకు తెలియనిది కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. తుపాను హెచ్చరిక వచ్చిన రాత్రి బోట్లు, వలలు వెనక్కి లాక్కోవాలి. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసినవాళ్ళు మీ అమ్మగారి తరంలో ఇంకా ఉన్నారు. అలాంటి రాత్రి ఆ గేటు తాళంచెవి ఎవరి జేబులో ఉంటుందో మీ తమ్ముడిని అడిగి చూడండి. వాదనగా కాదు, నిజంగానే అడగండి. అతను దుర్మార్గుడని మీ ఉత్తరంలో ఎక్కడా అనిపించలేదు. దీని గురించి ఆలోచించి ఉండడు, అంతే.

అతని వైపు నుంచి ఒక మాట ఒప్పుకోవాలి. కార్తీక మాసంలోనూ ఆదివారాల్లోనూ తాగి వచ్చే కుర్రవాళ్ళు, నీళ్ళలో కొట్టుకుపోయేవాళ్ళు, ఆ తర్వాత పోలీసులు, వాంగ్మూలాలు. ఆ బాధ నిజమైనదే. గేటుకు అది కూడా కారణమని అంటున్నాడని మీరు రాశారు. బీచ్‌ను ప్రమాదం ఉన్నప్పుడు మూయించడానికి వేరే అధికారులు ఉన్నారు. భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 163వ సెక్షన్, పాత లెక్కలో 144, కింద ప్రమాదం ఉందనుకున్నప్పుడు మేజిస్ట్రేటు హోదా ఉన్న అధికారి రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తారు. దాని ఆయుష్షు మామూలుగా రెండు నెలలు. కారణం చెప్పాలి, గడువు ఉండాలి, ఎవరైనా సవాలు చేయవచ్చు. రిసార్టు వాచ్‌మన్ తాళానికి ఈ మూడూ లేవు. పైగా నీళ్ళలో కొట్టుకుపోయేవాడిని తీసుకొచ్చేది సాధారణంగా ఆ పాలెం ఈతగాళ్ళే. వాళ్ళనే రాత్రిపూట అవతలికి నెట్టేస్తే నష్టం రిసార్టుదే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇది చేయండని నేను ఆజ్ఞాపించను. ప్రతిదానికీ ఒక ఖరీదు ఉంది, అది కట్టేది మీరు.

ఉన్నది ఉన్నట్టు సంతకం పెట్టడం ఒకటి. పెళ్ళి సాఫీగా జరుగుతుంది, నెలనెలా అద్దె వస్తుంది. 29 ఏళ్ళ లీజు రిజిస్టర్ కావాలి, ఏడాది దాటిన ఏ లీజయినా అంతే. అంటే డొంకను ఇచ్చేసినట్టు మీ పేరుతో శాశ్వతమైన రికార్డు తయారవుతుంది. పర్యావరణ చట్టం ఉల్లంఘనకు ఇప్పుడు 15 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. నోటీసు వచ్చినప్పుడు స్థల యజమాని పేరు మొదటి పేరాలోనే ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగి అయిన మీకు ఆ కాగితం ఆఫీసులో ఎలా కనిపిస్తుందో మీకే బాగా తెలుసు. లీజు అయిపోయే నాటికి మీకు ఎనభై. ఆ తగాదా పెళ్ళికూతురిగా మీరు పంపుతున్న ఈ పిల్లకే మిగులుతుంది.

తోట తమ్ముడికి అమ్మేసి చేతులు దులుపుకోవడం ఇంకొకటి. మీ మనసులో ఈ ఆలోచన ఉందని ఉత్తరం చివరి పేజీలో కనిపించింది. పెళ్ళి ఖర్చుకు డబ్బు, గొడవకు దూరం. నాకిది నచ్చలేదు. చట్టం తప్పు పట్టదు, నిజమే. కానీ డొంకకు రెండు వైపులా ఒకే యజమాని అయితే ఆ దారిని అడిగే నోరు ఒకటి తగ్గిపోతుంది. అది తెలిసే అమ్మినట్టు అవుతుంది.

ఊరికే నిరాకరించడం మూడోది. నిజాయితీగా ఉంటుంది. కానీ గేటు ఎక్కడున్నదో అక్కడే ఉంటుంది. మీరు సంతకం పెట్టకపోవడం వల్ల తాళం తీయరు. తమ్ముడూ దూరమై దారీ రాకపోవడం అన్నిటికంటే నిరర్థకమైన ముగింపు. చాలామంది మంచివాళ్ళు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

లీజు ఇస్తూనే డొంకను బయట పెట్టడం నాలుగోది. నేను ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే. ముందు సర్వే, కొలిచి రాళ్ళు పాతించడం. తర్వాత లీజు షెడ్యూలులో మీ నాన్నగారి పత్రంలోని చెక్కుబందీయే అక్షరం మారకుండా రాయించడం. గోడ డొంక అంచు నుంచి వెనక్కి. గేటు డొంక మీది నుంచి తీసి రిసార్టు లోపలి దారికి పెట్టుకోవాలి. డొంకలో రాత్రంతా దీపం వెలగాలి, ఐసు బండి రావాలి. దారికి అడ్డు పెడితే లీజు రద్దు చేసుకునే హక్కు మీకు ఉండాలి. ఈ చివరి షరతు లేకపోతే మిగతావన్నీ మాటలే, కాబట్టి లాయరు "అది తర్వాత చూసుకుందాం" అంటే ఒప్పుకోవద్దు. అద్దె తగ్గిస్తామంటారు. తగ్గనివ్వండి. రిసార్టుల మధ్య ఖాళీ నిబంధన ఎలాగూ ఉంది కాబట్టి, ఇది తమ్ముడికి నష్టం కంటే రక్షణే. అనుమతుల ఫైలు కదిలిన రోజున తనకు చూపించుకోవడానికి ఒక తెరిచిన దారి ఉంటుంది. దీని బలహీనత కూడా చెప్పాలి. షరతు అమలు చేయించవలసినది మీరే, గుంటూరులో కూర్చుని, సొంత తమ్ముడి మీద. అంత పట్టు మీకు ఉందా అన్నది మీరే చెప్పుకోవాలి.

ఆ పట్టు లేదనుకుంటే, డొంక వెంట మీ వైపు నుంచి ఒక పట్టీ కొలిపించి, సముద్రానికి వెళ్ళే దారి కోసమే అని రాసి, పంచాయతీకి రిజిస్టర్డ్ దానపత్రం ద్వారా ఇచ్చేయవచ్చు. కొన్ని సెంట్లు పోతాయి, మళ్ళీ రావు. తమ్ముడికి కోపం ఎక్కువగా వచ్చేది దీనికే. అయితే రేపు మీరు ఉన్నా లేకపోయినా, సర్పంచ్ మారినా, అది రికార్డులో దారిగానే నిలుస్తుంది. పంచాయతీ దాన్ని పుచ్చుకోవాలి కాబట్టి, ఇదే సర్పంచ్ ఉన్నంతకాలం తాత్సారం చేయవచ్చు.

ఇక ఫిర్యాదు. తహసీల్దారు ఉన్నారు. కలెక్టర్ అధ్యక్షతన తీరప్రాంత జిల్లా కమిటీ ఉండాలి. అందులో మత్స్యకారులతో సహా స్థానిక తీర సంప్రదాయ సమాజాల నుంచి కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలని నిబంధనలే చెబుతున్నాయి. రాష్ట్ర తీరప్రాంత సంస్థ ఉంది, చివరికి చెన్నైలో జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి ఉంది. ట్రిబ్యునల్‌కు ఇలాంటి విషయంలో ఆరు నెలల గడువు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు. గేటు దీపావళికి పెట్టారు, వేళ్ళ మీద లెక్క పెట్టుకోండి. అయితే ఈ ఫిర్యాదు మీరు పెట్టనవసరం లేదని నా అభిప్రాయం. దారి పోగొట్టుకున్నవాళ్ళు పెట్టాలి, వాళ్ళ సంఘం పెట్టాలి. వాళ్ళు అడిగితే మీ దానపత్రం నకలు కాదనకండి. అది దాచితే మాత్రం పక్షం వహించినట్టే.

తమ్ముడి సంగతి. "భాగస్వాముల ముందు తల ఎత్తుకోలేను" అన్న మాట మళ్ళీ చదివాను. అక్క సంతకం తన చేతిలో ఉన్నట్టు అతను వాళ్ళకు ముందే మాట ఇచ్చేశాడు. అతని కోపంలో సగం భయం. అమ్మగారి ముందు కాకుండా, రిసార్టులో కాకుండా, మీ ఇంటికి పిలిచి ఒక్కడితో మాట్లాడండి. దానపత్రం బల్ల మీద పెట్టండి. "నీకు తోట ఇవ్వనని అనడం లేదు. నాన్న నాకు ఇవ్వని డొంకను నేను నీకు ఇవ్వలేను" అనండి. అతను భాగస్వాములకు చెప్పుకోవడానికి ఇదే మంచి మాట. అక్క మొండికేసిందని కాకుండా, అక్క దగ్గర ఆ హక్కే లేదని చెప్పుకోవచ్చు. తల ఎత్తుకోవడానికి కొంచెం చోటు ఇవ్వండి.

అయినా రాకపోతే? రాకపోవచ్చు. మేనమామ అలిగిన పెళ్ళిళ్ళు మన వైపు కొత్త కాదు. మీ పెదనాన్న కొడుకో బాబాయి కొడుకో ఆ వరసలో నిలబడి పిల్లను తీసుకొస్తాడు. అది మీ గుండెల్లో గుచ్చుకుంటుంది, గుచ్చుకోదని నేను అనను. కానీ పెళ్ళి ఆగదు. ఈ విషయం మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. పెళ్ళికి ముందు పిల్లకు ఇవన్నీ ఎందుకని దాచిపెట్టారని మీ ఉత్తరంలో ఉంది. బుట్టలో కూర్చునేది తనే, రేపు ఆ పొలం వచ్చేదీ తనకే. అడిగితే ఏమంటుందో మీరు ఊహించినట్టు ఉండకపోవచ్చు.

మీ వారి గురించి ఒక్క మాట. కూతురి పెళ్ళికి మేనమామ వస్తాడా రాడా అన్నది పుట్టింటి గొడవ ఎలా అవుతుంది? సర్వేయర్ వచ్చే రోజున ఆయనను వెంట తీసుకెళ్ళండి. రిటైరయిన మనిషి, కొలతల దగ్గర నిలబడటానికి తీరిక ఉంటుంది. అమ్మగారితో చట్టం మాట్లాడవద్దు. ఆవిడకు కావలసింది పిల్లలు విడిపోకపోవడం, అంతే.

గంప దించి అడిగిన ఆ ముసలావిడకు మీరు జవాబు బాకీ ఉన్నారు. పెద్ద హామీలు ఇవ్వకండి. గేటు తీయిస్తానని చెప్పే శక్తి ఈ రోజు మీకు లేదు. "నేను పెట్టమనలేదు, సంతకం ఇంకా పెట్టలేదు" అని చెప్పండి. పాలెంలో ఆ కబురు సాయంత్రానికల్లా అందరికీ తెలుస్తుంది. తర్వాత ఏం చేయాలో వాళ్ళు ఆలోచించుకుంటారు.

ఏప్రిల్ మొదటి వారం అన్న గడువు గురించి కూడా. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రెండు నెలలు డొంకలో తెల్లవారుజాము సందడి తగ్గిపోతుంది. గోడ లేపడానికి అంతకంటే అనువైన సమయం ఉండదు. మీ తమ్ముడు ఈ లెక్క వేసుకున్నాడో లేదో నాకు తెలియదు, గోడ కట్టే మేస్త్రీ వేసుకునే ఉంటాడు. పెళ్ళి పనుల్లో మునిగి ఉన్నా సరే, సర్వే దరఖాస్తు మాత్రం ఈ వారమే పెట్టండి. రశీదు తీసుకుని, దాని ఫోటో తమ్ముడికి పంపండి. కొలతలు పూర్తయ్యేదాకా సంతకం గురించి మాట్లాడనని కింద ఒక్క వాక్యం రాస్తే చాలు.